సగం బహుమతి అనువాదకురాలికి ఎందుకిచ్చారు?

మీ ప్రశ్నలు – మా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో 2024లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న కొరియన్ రచయిత్రి హాన్ కాంగ్ పేరూ, ఆవిడ బహుమతిలో సగం అనువాదకురాలికి వెళ్ళిన సంగతీ ఊరికే ఒక్కసారి ప్రస్తావించాను, దానికే ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. అడిగినవి చాలావరకు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం ఆవిడకీ, ఆవిడ పుస్తకాలను ఇంగ్లిష్‌లోకి తెచ్చిన డెబొరా స్మిత్‌కీ కేటాయిస్తున్నాను.

ప్రశ్న: 2016లో హాన్ కాంగ్‌కి వచ్చిన బుకర్ ఇంటర్నేషనల్ డబ్బులో సగం అనువాదకురాలికి ఇచ్చారని రాశారు. కథ పుట్టించింది ఒకరు, దాన్ని ఇంకో భాషలో పెట్టింది ఒకరు. ఇద్దరికీ సమానంగా పంచడం రచయిత్రికి అన్యాయం కాదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కాదండీ. నన్నడిగితే ఇన్నాళ్ళకి జరిగిన న్యాయం అంటాను. ఆ బహుమతి దేనికిచ్చారో చూడండి. అంతకుముందు మ్యాన్ బుకర్ ఇంటర్నేషనల్‌ని రెండేళ్ళకోసారి, ఒక రచయిత రాసిన మొత్తం సాహిత్యానికి ఇచ్చేవాళ్ళు. 2016 నుంచి పద్ధతి మార్చి, ఏటా ఇంగ్లిష్‌లోకి అనువాదమైన ఒక్క పుస్తకానికి ఇవ్వడం మొదలుపెట్టారు. 50,000 పౌండ్లు, రచయితకీ అనువాదకులకీ చెరిసగం. కొత్త పద్ధతిలో మొట్టమొదటి బహుమతి హాన్ కాంగ్ నవల ‘ద వెజిటేరియన్’కి వచ్చింది. చివరి జాబితాలో ఓర్హాన్ పాముక్, ఎలెనా ఫెరాంటే లాంటి పెద్దపెద్దవాళ్ళ పుస్తకాలు కూడా ఉన్నాయి. న్యాయనిర్ణేతల చేతిలో ఉన్నది కొరియన్ పుస్తకం కాదు, ఇంగ్లిష్ పుస్తకం. అందులో మనుషులూ, కథా, ఆ కథ వెనకున్న బాధా అన్నీ హాన్ కాంగ్‌వి. కానీ వాళ్ళు చదివిన ప్రతి వాక్యాన్నీ కూర్చుని రాసింది డెబొరా స్మిత్.

ఆ నవల మొదట్లోనే భర్త తన భార్య గురించి చెబుతాడు. ఆవిడలో ఏ ప్రత్యేకతా లేదనీ, పెద్ద లోపాలూ కనబడలేదనీ, అందుకే పెళ్ళి చేసుకున్నాననీ ఆఫీసులో రిపోర్టు చదివినట్టు చెబుతాడు. ఒకరోజు తెల్లవారుజామున లేచి చూస్తే ఆవిడ చీకట్లో ఫ్రిజ్ ముందు కదలకుండా నిలబడి ఉంటుంది. ఆ తర్వాత ఫ్రిజ్‌లో ఉన్న మాంసమంతా తీసి చెత్త సంచుల్లో పడేస్తుంటుంది, ఎందుకని అడిగితే కల వచ్చిందంటుంది, అంతే, ఇంకేం చెప్పదు. అతనికి కోపం వచ్చేది ఆవిడకేమైందోనని కాదు, తనకి ఆఫీసుకి టైమైపోతోందని. ఆ మనిషి గొంతు ఇంగ్లిష్‌లో చదివేవాళ్ళకి కూడా ఒళ్ళు జలదరించేలా వినబడాలంటే ఏ వాక్యం ఎక్కడ ఆగాలో, ఏ మాట వాడకూడదో తేల్చుకునే మనిషి ఒకరుండాలి. దానికే ఆ సగం.

నోబెల్ సంగతి వేరు. అది జీవితకాలపు రచనకి ఇచ్చేది, రచయిత ఒక్కరికే వెళ్తుంది, అలా వెళ్ళడమే సబబు. మన దేశానికి వచ్చిన రెండు ఇంటర్నేషనల్ బుకర్లూ ఇలా పంచుకున్నవే. 2022లో హిందీ రచయిత్రి గీతాంజలిశ్రీ, డైసీ రాక్‌వెల్. 2025లో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్, దీపా భాస్తి. మన తెలుగులో మాత్రం ఇప్పటికీ కొన్ని పుస్తకాలకి అనువాదకుల పేరు అట్ట మీద ఉండదు, లోపలి పేజీలో వెతుక్కోవాలి. అది మారాలి, ప్రచురణకర్తలకి ఖర్చయ్యే పని కూడా కాదు.

ప్రశ్న: అంటే ఆ ఇంగ్లిష్ అమ్మాయి లేకపోతే హాన్ కాంగ్ అనే రచయిత్రి లేనట్టేగా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఈ మాట చాలాచోట్ల వింటున్నాను, వినబడ్డప్పుడల్లా నాకు బాధనిపిస్తుంది. ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడే రచయిత పుట్టినట్టు లెక్కేసుకుంటే మన రచయితల్లో ఎంతమంది ఇంకా పుట్టనట్టు?

హాన్ కాంగ్ 1970లో గ్వాంగ్జు నగరంలో పుట్టింది. తండ్రి హాన్ సుంగ్‌వన్ కూడా పేరున్న నవలా రచయిత. ఆయన ఉపాధ్యాయ ఉద్యోగం మానేసి పూర్తిగా రచన మీదే బతుకుదామని 1980 జనవరిలో కుటుంబాన్ని సోల్‌కి తీసుకెళ్ళాడు. ఆ తర్వాత నాలుగు నెలలకే, మే నెలలో, గ్వాంగ్జులో సైనిక పాలనకి ఎదురు తిరిగిన జనం మీద సైన్యం విరుచుకుపడింది. ఊరు మారడం వల్ల కొద్దిలో తప్పించుకున్నామన్న ఆలోచన ఆ కుటుంబాన్ని వదల్లేదు. కొన్నేళ్ళకి, ఆవిడకి పన్నెండేళ్ళప్పుడు, ఆ మారణకాండ ఫొటోలతో రహస్యంగా చేతులు మారుతున్న పుస్తకం ఒకటి ఇంట్లో బీరువాలో దొరికింది. పిల్లల కంటబడకుండా పేరు గోడవైపు తిప్పి పెట్టారట. ఆ పిల్ల తీసి చూసింది. ఒక పేజీలో సైనికులు గుర్తుపట్టలేకుండా చేసిన ముఖాలు, మరో పేజీలో గాయపడినవాళ్ళకి రక్తమివ్వడానికి ఆసుపత్రి ముందు బారులు తీరిన జనం. ఈ రెండూ చేసింది మనుషులేనా అన్న ప్రశ్న అప్పుడే తనలో పడిందని 2024 డిసెంబర్‌లో స్టాక్‌హోమ్‌లో చేసిన నోబెల్ ఉపన్యాసంలో ఆవిడే చెప్పింది. నా దృష్టిలో ఆవిడ సాహిత్యమంతా ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడమే.

యోన్సే విశ్వవిద్యాలయంలో కొరియన్ సాహిత్యం చదివింది. 1993లో కవితలు అచ్చయ్యాయి, 1994లో ‘సోల్ షిన్మున్’ దినపత్రిక పోటీలో కథకి బహుమతి వచ్చింది, 1995లో మొదటి కథల సంపుటి. ‘వెజిటేరియన్’ నిజానికి విడివిడిగా అచ్చయిన మూడు పెద్ద కథలు, వాటిలో రెండోదానికి 2005లో, అక్కడ ఎంతో గౌరవంగా చూసే యీ సాంగ్ పురస్కారం వచ్చింది. అదే పురస్కారం అంతకుముందు తండ్రికి కూడా వచ్చింది. కంప్యూటర్ మీద టైపు చేసీ చేసీ మణికట్టు దెబ్బతినడంతో వాటిలో మొదటి రెండూ చేత్తోనే రాసిందట. మూడూ కలిపి 2007లో పుస్తకంగా వచ్చాయి. అప్పట్నుంచి పదేళ్ళకు పైగా ఒక కళాశాలలో రచన నేర్పుతూ, మధ్యలో ‘గ్రీక్ లెసన్స్’, ‘హ్యూమన్ యాక్ట్స్’ రాసింది. ఇంగ్లిష్ ‘వెజిటేరియన్’ లండన్‌లో అచ్చయింది 2015లో. అప్పటికే ఆవిడ కలం పట్టి ఇరవై ఏళ్ళు దాటింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. స్మిత్ ఒక్కరే ఆవిడ అనువాదకురాలు కాదు. ‘వుయ్ డూ నాట్ పార్ట్’ ఫ్రెంచి అనువాదానికి 2023లో ఫ్రాన్స్‌లో విదేశీ నవలలకిచ్చే మెడిసిస్ పురస్కారం వచ్చింది, దాన్ని ఇద్దరు కలిసి చేశారు. అదే నవలని ఇంగ్లిష్‌లోకి తెచ్చింది కూడా వేరే ఇద్దరు, ఈ. యేవాన్, పేజ్ అనియా మోరిస్. మరి స్మిత్ చేసిందేమిటి అంటే, తలుపు తెరిచింది. అది చిన్న పని కాదు. కానీ ఆ తలుపు వెనక ఇల్లు ముందే కట్టి ఉంది.

ప్రశ్న: ఆ అనువాదం నిండా తప్పులేనని చదివాను. నిజమేనా? తప్పుల అనువాదానికి అంత పెద్ద బహుమతి ఎలా ఇచ్చారు?
– ఒక రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్, రాజమహేంద్రవరం

జవాబు: తప్పులున్నాయి మాస్టారూ, నిజమే. బహుమతి వచ్చాక కొరియాలో మూలాన్నీ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టుకుని వాక్యం వాక్యం పోల్చి చూశారు. చేతిని పాదం అనుకున్న చోటు ఒకటుంది, కొరియన్‌లో ఆ రెండు మాటలకీ ఒక్క హల్లే తేడా. ఇలాంటివి చూడగానే నవ్వొస్తుంది గానీ దిద్దుకోవడం తేలిక. అసలు చిక్కు కర్త దగ్గరుంది. మనం కూడా తెలుగులో కర్తని తరచుగా వదిలేస్తాం, కానీ ‘తలుపేసింది’ అన్నామా ‘తలుపేశాడు’ అన్నామా అన్నది బట్టి ఎవరో తెలిసిపోతుంది, క్రియ చివర్న గుట్టంతా ఉంటుంది. కొరియన్ క్రియలో ఆ గుర్తు లేదు. నేను, నువ్వు, అతను, ఆమె ఎవరైనా క్రియ ఒకటే, మర్యాద బట్టి మారుతుందంతే. ముందు వెనక వాక్యాలు చూసి పోల్చుకోవాలి. అక్కడ కొన్నిచోట్ల స్మిత్ ఒకరు చేసిన పని ఇంకొకరికి అంటగట్టింది. భార్యాభర్తల మధ్య నడిచే కథలో ఎవరన్నారు, ఎవరు చేశారు అన్నది తారుమారైతే మనిషి స్వభావమే మారిపోతుంది, కాబట్టి ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన తప్పు కాదు.

ఇంకో విమర్శ శైలి మీద. మూలం పొడిపొడిగా, నిదానంగా ఉంటుందనీ, ఇంగ్లిష్‌లో విశేషణాలూ క్రియా విశేషణాలూ చేరి దానికి అలంకారం ఎక్కువైందనీ అన్నారు. కొరియాలో పాఠాలు చెప్పే అనువాదకుడు చార్స్ యూన్ 2017లో దీని మీద వివరంగా రాశాడు, ఆయన స్మిత్ ప్రతిభని మెచ్చుకుంటూనే ఈ మాటన్నాడు. స్మిత్ కూడా దబాయించలేదు. తప్పులుంటాయని ఒప్పుకుని, దొరికినవి తర్వాతి ముద్రణల్లో దిద్దించింది. శైలి విషయంలో మాత్రం, రెండు భాషల వాక్య నిర్మాణం ఇంత దూరమైనప్పుడు మాటకి మాట పెట్టడం కుదరదన్న మాట మీదే నిలబడింది.

మరి హాన్ కాంగ్? అచ్చు కాకముందే ఆవిడ ఆ అనువాదం చదివింది, అనువాదకురాలితో సందేహాలు నడిచాయి, గొడవంతా అయ్యాక కూడా ఆ తప్పులు నవలని అందుకోవడానికి అడ్డం కాలేదనే చెప్పింది. ఆ తర్వాత ఇంకొన్ని పుస్తకాలూ ఆ చేతికే ఇచ్చింది. ‘ద వైట్ బుక్’ స్మిత్ చేసిందే, 2018లో అదే బహుమతి చివరి జాబితాలోకి వెళ్ళింది. 2023లో వచ్చిన ‘గ్రీక్ లెసన్స్’కి స్మిత్ ఇంకో అనువాదకురాలితో కలిసి పనిచేసింది.

నా అభిప్రాయం అడిగితే, ఇందులో ఎక్కువ బాధ్యత ప్రచురణలో ఉంది. మూలభాష బాగా తెలిసిన రెండో మనిషి చేత చదివించకుండా ఏ అనువాదాన్నీ అచ్చుకి పంపకూడదు. భాష నేర్చుకోవడం మొదలుపెట్టి నాలుగైదేళ్ళే అయిన మనిషికి ఆ తోడు ఇంకా అవసరం. బహుమతి తప్పు మనిషికి వెళ్ళిందని మాత్రం నేననను, ఎందుకంటే ఆ ఇంగ్లిష్ పుస్తకం చదివినవాళ్ళకి రాత్రి నిద్ర పట్టనివ్వలేదు, నాకూ పట్టలేదు.

ప్రశ్న: మేం శాకాహారులం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పుట్టినరోజుకి ‘ద వెజిటేరియన్’ కొనిద్దామనుకుంటున్నాం. బాగుంటుందా?
– ఒక తల్లి, సికింద్రాబాద్

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. పేరు చూసి మోసపోకండి, అది ఆహార నియమాల పుస్తకం కాదు. మాంసం మానేసిన కూతురి నోట్లో నిండు కుటుంబం ముందు తండ్రి బలవంతంగా పంది మాంసం కుక్కడం, ఆవిడ అక్కడికక్కడే మణికట్టు కోసుకోవడం, తర్వాత పిచ్చాసుపత్రి. ఒక ఆడమనిషి ‘నాకొద్దు’ అంటే ఇంటిల్లిపాదీ ఎంత దూరం వెళ్తారో చెప్పే నవల. పెద్దయ్యాక తనే చదువుతుంది. ముందు మీరు చదవండి.

ప్రశ్న: నోబెల్ వచ్చాక ఆవిడ విలేకరుల సమావేశం కూడా పెట్టలేదట. అంత పొగరెందుకు?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: పొగరు కాదండీ. 2024 అక్టోబర్ 10న ప్రకటన వచ్చింది. కొరియాకి సాహిత్యంలో మొదటి నోబెల్, ఆసియా మహిళలకే మొదటిది, పుస్తకాల షాపుల ముందు జనం బారులు తీరారు, కొద్ది రోజుల్లోనే పది లక్షలకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. తండ్రి సంబరం చేద్దామనుకున్నాడు. యుద్ధాల్లో రోజూ మనుషులు చనిపోతుంటే సంబరమేమిటి నాన్నా అని ఆవిడ వద్దన్నదని ఆయనే విలేకరులకి చెప్పాడు.

ఆ డిసెంబర్ 3న కొరియా అధ్యక్షుడు ఉన్నట్టుండి సైనిక చట్టం ప్రకటించాడు, కొన్ని గంటల్లోనే పార్లమెంటు దాన్ని కొట్టేసింది. 1980 నాటి సైనిక చట్టం మీద నవల రాసిన మనిషి సరిగ్గా ఆ వారమే నోబెల్ అందుకోవడానికి స్టాక్‌హోమ్ వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ విలేకరులతో మాట్లాడింది, ఆ వార్త విని నిర్ఘాంతపోయానని చెప్పింది.

ప్రశ్న: ఒక్కటే చదవగలనంటే ఏది చదవాలి?
– ఒక బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ‘హ్యూమన్ యాక్ట్స్’. కొరియన్ పేరుకి అర్థం ‘పిల్లాడు వస్తున్నాడు’ అని. 1980 గ్వాంగ్జు. స్నేహితుణ్ణి వెతుక్కుంటూ వచ్చిన దోంగ్‌హో అనే బడిపిల్లాడు, శవాలు పేర్చిన ఒక వ్యాయామశాలలో పనికి కుదురుకుంటాడు. ఎవరు ఎంత పొడుగున్నారు, ఏ బట్టలు వేసుకున్నారు, ఏ చెప్పులు తొడుక్కున్నారు అని పుస్తకంలో రాసుకుంటాడు, ఎవరైనా ఇంటివాళ్ళు వస్తే గుర్తుపట్టడానికి. వాసన తగ్గడానికి కొవ్వొత్తులు వెలిగిస్తుంటాడు. ఆ మొదటి అధ్యాయమంతా ‘నువ్వు’ అని అతనితోనే మాట్లాడుతున్నట్టు సాగుతుంది, చదివేవాళ్ళు తప్పించుకోలేరు. స్మిత్ దానికి ముందుమాట రాసింది, గ్వాంగ్జులో ఏం జరిగిందో తెలియని మనలాంటివాళ్ళకి అది చాలా ఉపకారం.

రెండోది కూడా కుదిరితే ‘ద వైట్ బుక్’. పుట్టిన రెండు గంటలకే చనిపోయిన అక్క గురించి, వార్సా నగరంలో ఉన్నప్పుడు రాసుకున్నది. ఉప్పు, మంచు, బియ్యం, పొత్తిగుడ్డ, ఇలా తెల్లని వస్తువుల మీద చిన్న చిన్న పేజీలు. రోజుకి రెండు పేజీలకంటే ఎక్కువ చదవకండి.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో ఏడాది. కొరియన్ డ్రామాలు చూస్తూ భాష నేర్చుకున్నాను, వాళ్ళ లిపి హంగుల్ చదవగలను. డెబొరా స్మిత్‌లాగా అనువాదకురాలిని అవ్వాలనుంది. ఇంట్లో ఇది కెరీరా అంటున్నారు. ఏం చెయ్యాలి?
– ఒక విద్యార్థిని, హిందూపురం

జవాబు: ముందు స్మిత్ ఎలా వచ్చిందో చెబుతాను తల్లీ. ఇంగ్లండ్‌లో డాంకాస్టర్ అనే ఊళ్ళో 1987లో పుట్టింది, కేంబ్రిడ్జిలో ఇంగ్లిష్ సాహిత్యం చదివింది. ఇరవై ఒక్కేళ్ళు వచ్చేదాకా ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష రాదు, కొరియాతో చుట్టరికం లేదు. అనువాదం చేయాలన్న కోరిక, కొరియన్ నుంచి ఇంగ్లిష్‌లోకి చేసేవాళ్ళు చాలా తక్కువన్న ఆలోచన, ఈ రెండే పెట్టుబడి. లండన్‌లోని సోయస్ అనే విశ్వవిద్యాలయంలో కొరియన్ సాహిత్యంలో ఎంఏ, ఆ తర్వాత పీహెచ్‌డీ. ‘వెజిటేరియన్’ నమూనా పేజీలు మొదటిసారి చేసినప్పుడు దాదాపు ప్రతి మాటకీ నిఘంటువు తిరగేసిందట, అవి నెగ్గలేదు. ఇంకొంత చదువుకుని మళ్ళీ చేసింది. 2014 లండన్ పుస్తకాల సంతలో కొరియాకి పెద్దపీట వేశారు, అప్పుడు పోర్టొబెల్లో అనే ప్రచురణ సంస్థ సంపాదకుడికి ఆ పేజీలు అందాయి, అక్కడ తలరాత మారింది. 2015లో టిల్టెడ్ యాక్సిస్ అనే చిన్న ప్రచురణ సంస్థ పెట్టింది, ఆసియా భాషల పుస్తకాల కోసమే ఎక్కువగా. ఇందాక చెప్పిన గీతాంజలిశ్రీ నవల బ్రిటన్‌లో వేసింది ఆ సంస్థే. బే సువా అనే మరో కొరియన్ రచయిత్రి పుస్తకాలూ, ఉత్తర కొరియా నుంచి దొంగచాటుగా బయటికొచ్చిన కథల సంపుటి ఒకటీ కూడా స్మిత్ ఇంగ్లిష్‌లోకి తెచ్చింది.

ఇక నీ సంగతి. డ్రామాల కొరియన్ చెవికి మంచిది, కానీ నవల చదవడానికి చాలదు. ముందు కొరియన్ భాష ఎంతొచ్చో కొలిచే టోపిక్ పరీక్ష రాయి, అందులో ఆరు స్థాయిలుంటాయి, సాహిత్యం జోలికి వెళ్ళాలంటే పై స్థాయిలకి చేరాలి. హైదరాబాద్ ఇఫ్లూలో కొరియన్ నేర్పుతారు, ఢిల్లీ జేఎన్‌యూలో డిగ్రీ, పీజీ రెండూ ఉన్నాయి. ఇంట్లోవాళ్ళకి చెప్పు, మీ ఊరికి దగ్గర్లోనే పెనుకొండ పక్కన కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది, అలాంటిచోట కొరియన్ వచ్చినవాళ్ళకి దుబాసీ పని దొరుకుతుంది. దాంతో ఇల్లు గడుస్తుంది, రాత్రుళ్ళు నవల చేసుకోవచ్చు. సాహిత్య అనువాదం ఒక్కదాని మీదే బతకడం కష్టం, నీ దగ్గర దాయడం ఎందుకు.

కొరియా ప్రభుత్వానికి సాహిత్య అనువాద సంస్థ ఒకటుంది, లిటరేచర్ ట్రాన్స్‌లేషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కొరియా. ఇతర భాషల్లోకి వెళ్ళే పుస్తకాలకి డబ్బు సాయం చేస్తుంది, సోల్‌లో అనువాదకులకి శిక్షణ కూడా ఇస్తుంది. కొరియన్ సాహిత్యం ఇంత దూరం రావడంలో దానికి పెద్ద పాత్ర ఉంది. తెలుగుకి కూడా ఆ స్థాయిలో ఒకటుండాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఇంకోటి, కొరియన్ ఎంత చదువుతావో తెలుగు అంతకు రెండింతలు చదువు. కొరియన్‌లో అక్కలూ అన్నలూ మామలూ అత్తలూ, చిన్నా పెద్దా మర్యాదలూ నిండుగా ఉంటాయి. అవి ఇంగ్లిష్‌లో నిలవవు, మన దగ్గర నిలుస్తాయి. ఆ సౌకర్యం స్మిత్‌కి లేదు, నీకుంది. ఇంగ్లిష్ మీదుగా కాకుండా నేరుగా చెయ్యి.

పెద్ద నవలతో మొదలుపెట్టకు. ఒక చిన్న కథ తీసుకుని పది పేజీలు చేసి, కొరియన్ బాగా వచ్చినవాళ్ళ చేత ఒకసారి, కొరియన్ అసలు రాని మంచి తెలుగు పాఠకుల చేత ఒకసారి చదివించు. మొదటివాళ్ళు తప్పులు పట్టుకుంటారు, రెండోవాళ్ళు ఎక్కడ విసుగొచ్చిందో చెబుతారు. పత్రికలకి పంపేముందు హక్కుల సంగతి తేల్చుకో. బతికున్న రచయిత కథ అచ్చెయ్యాలంటే రాతపూర్వకంగా అనుమతి కావాలి, దానికోసం కొరియాలో ఆ పుస్తకం వేసిన ప్రచురణకర్తకి మెయిల్ రాయాలి. జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు, కాబట్టి కథ ఎంచుకున్న రోజే ఆ మెయిల్ పంపించు.